ఉద్యోగం మారి ప్రోగ్రామింగ్‌లోకి రావాలంటే: డిగ్రీ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒక దారి

ఇది ఇప్పటికే ఏదో ఒక పని చేస్తున్నవాళ్ల కోసం. ఆడిటర్ ఆఫీసులో అకౌంట్లు చూసేవాళ్లు, మెడికల్ కోడింగ్‌లోనో కాల్ సెంటర్‌లోనో షిఫ్టులు చేసేవాళ్లు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాళ్లు, మెకానికల్ చదివి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరినవాళ్లు. వయసు 26 కావచ్చు, 34 కావచ్చు. ఇంత ఆలస్యంగా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగలమా అన్నది వీళ్లందరి ప్రశ్న. వెళ్లొచ్చు. అయితే కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన బీటెక్ కుర్రాడు వెళ్లే దారిలో వెళ్లలేరు. ఆ దారిలో అతనితో పోటీ పడి ఓడిపోయి, తమకు తెలివి లేదనుకుని ఆగిపోయినవాళ్లు చాలామంది. దారి సరిగా ఎంచుకుంటే వాళ్లలో సగంమందైనా నిలబడేవాళ్లని నా నమ్మకం.

ఇందులో ముఖ్యమైన మాట ఒక్కటే. ఇన్నాళ్లు చేసిన పనిని పారేసి సున్నా నుంచి మొదలుపెట్టకండి. ఆ పనిలోంచే ప్రోగ్రామింగ్‌లోకి నడవండి. కోడ్ రాయడం వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో ఎంతమంది కావాలంటే అంతమంది దొరుకుతారు. కొనుగోళ్ల లెక్కకూ జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే లెక్కకూ తేడా ఎందుకొస్తుందో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏ దశలో వెనక్కి తిరిగొస్తుందో తెలిసి, కోడ్ కూడా రాయగలిగినవాళ్లు తక్కువ. ఏఐ టూల్స్ నిమిషాల్లో కోడ్ రాసిస్తున్న ఈ రోజుల్లో ఆ తేడాకు విలువ ఇంకా పెరిగింది.

1. ముందుగా, మీకు ఏ తలుపులు మూసి ఉన్నాయో చూసుకోండి

కష్టంగా ఉన్నా ఇది మొదటే తెలియాలి. ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు పెట్టే షరతులు మీకు తెలిసే ఉంటాయి: ఫలానా ఏడాది పాసై ఉండాలి, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా 60 శాతం తగ్గకూడదు, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు, చదువులో గ్యాప్ ఏడాదో రెండేళ్లో మించకూడదు. డిగ్రీ అయి ఐదేళ్లు గడిచిన మనిషికి ఎంత బాగా కోడింగ్ వచ్చినా ఆ ఫారం కూడా నింపే వీలుండదు. అది మీ లోపం కాదు. లక్షల దరఖాస్తులను వడకట్టడానికి వాళ్లు పెట్టుకున్న జల్లెడ. పైగా 2023–24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలోనూ మొత్తం ఉద్యోగుల సంఖ్యే తగ్గింది. 2021లో తెలిసినవాళ్లందరికీ ఆఫర్లు వచ్చాయి కదా అని ఆ లెక్క ఇప్పుడు వేసుకోకండి.

ఇక మీ చదువు సంగతి.

బీటెక్ వేరే బ్రాంచ్ అయితే డిగ్రీ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. సివిల్, ఈఈఈ వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో వేలల్లో ఉన్నారు. 

బీకాం, బీఎస్సీ, బీఏ అయితే చాలా కంపెనీల్లో "ఏదైనా డిగ్రీ" అన్న షరతు మీకు సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ఎంసీఏ చేయాలనుకుంటే ఇగ్నోలో దూరవిద్యలో చేయొచ్చు. కానీ ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ లేనివాళ్లు చేరేముందు అర్హత నిబంధన ఒకసారి చదువుకోండి. 

ఇంటర్‌తో ఆగిపోయినవాళ్లకీ, డిగ్రీ మధ్యలో మానేసినవాళ్లకీ నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను. డిగ్రీ లేకుండా ప్రోగ్రామర్ కావచ్చు. చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు, సొంతంగా క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టే పని, ఇవన్నీ పని చూసి తీసుకుంటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో అయితే ఇంటర్, డిప్లొమా చదివిన పిల్లలను తీసుకుని స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పే స్కూల్స్ ఏళ్ల తరబడి నడుపుతోంది. మీ ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ సంగతి చెప్పండి. కానీ మన దగ్గర హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో "గ్రాడ్యుయేషన్" అనే గడి ఖాళీగా ఉంటే మీ రెజ్యూమె మనిషి కంటికి చేరకుండానే ఆగిపోవడం మామూలే. అందుకే, నేర్చుకోవడం ఈరోజే మొదలుపెట్టండి, డిగ్రీ పక్కన నడవనివ్వండి. ఇగ్నో బీసీఏకి ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో ఇచ్చే డేటా సైన్స్ బీఎస్‌కి జేఈఈ అవసరం లేదు, వయసు పరిమితి లేదు. పదో తరగతిలో ఇంగ్లిష్, మ్యాథ్స్ చదివి ఇంటర్ పాసై ఉంటే చాలు. ముందు నాలుగు వారాల పాఠాలు చెప్పి, వాటి మీదే అర్హత పరీక్ష పెడతారు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. మధ్యలో ఆగిపోయినా అప్పటిదాకా చదివినదానికి సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికొస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఇది పెద్ద ఊరట. చదువు మాత్రం తేలిక కాదు, అది తెలిసే చేరండి. దూరవిద్య డిగ్రీకి విలువ ఉండదని ఎవరైనా భయపెడితే, యూజీసీ గుర్తింపు ఉన్న దూర, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీయే 2022లో మరోసారి చెప్పిందని గుర్తు చేయండి.

విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే డిగ్రీ లెక్క మారిపోతుంది. అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే హెచ్-1బీ వీసాకి నాలుగేళ్ల డిగ్రీ లేదా దానికి సమానమైనది చూపాలి. మూడేళ్ల పని అనుభవాన్ని ఒక ఏడాది చదువుగా లెక్కిస్తారు. అంటే మన మూడేళ్ల బీకాం, బీఎస్సీ ఉన్నవాళ్లకు ఆ పైన మూడేళ్ల సంబంధిత అనుభవమో పీజీనో కావాల్సి వస్తుంది. అసలు డిగ్రీయే లేకపోతే 12 ఏళ్ల అనుభవం చూపాలి. జర్మనీ మాత్రం 2023 నవంబర్ నుంచి ఐటీ వాళ్లకు డిగ్రీ లేకున్నా బ్లూ కార్డ్ (అక్కడ ఉండి పనిచేసే అనుమతి) ఇస్తోంది. గడిచిన ఏడేళ్లలో కనీసం మూడేళ్లు ఆ పనిలో అనుభవం, నిర్ణీత జీతానికి తగ్గని ఆఫర్ ఉండాలి.

2. డబ్బూ టైమూ కాగితం మీద రాయండి

ఉన్న ఉద్యోగం మానేసి నేర్చుకుంటాననకండి. జీతం ఆగిన రెండో నెల నుంచే భయం మొదలవుతుంది. ఆ భయంలో మనిషి కోర్సు మీద కోర్సు కొంటాడు, దొరికిన కన్సల్టెన్సీకల్లా డబ్బు కడతాడు. రోజూ గంటన్నర, సెలవు రోజున నాలుగైదు గంటలు ఇవ్వగలిగితే ఏడాది, ఏడాదిన్నరలో మొదటి ఉద్యోగానికి సిద్ధం కావచ్చు. 90 రోజుల్లో ఫుల్ స్టాక్ డెవలపర్ అన్న పోస్టర్లను నమ్మకండి.

రెండో లెక్క జీతానిది. సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ ఏళ్ల తరబడి ఏడాదికి 3–4 లక్షల దగ్గరే తిరుగుతోంది. మీకిప్పుడు నెలకు 40 వేలు వస్తుంటే మొదట జీతం తగ్గే అవకాశం ఉంది. ఇంటి అద్దె, ఈఎంఐలు, ఇంటికి పంపే డబ్బు అన్నీ వేసుకుని, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండేలా ఇప్పటి నుంచే పక్కన పెట్టండి. ఈ లెక్క ఇంట్లోవాళ్ల ముందు కూర్చుని వేయడం మంచిది. భార్యకో భర్తకో అమ్మానాన్నలకో తెలియకుండా రాత్రిళ్లు చదివే చదువు ఎక్కువ రోజులు సాగదు. పిల్లలున్న ఆడవాళ్లకైతే ఆ గంటన్నర ఇంట్లో ఇంకొకరు పని పంచుకుంటేనే దొరుకుతుంది. ఈ విషయం మొదటే తేల్చుకోండి.

కంప్యూటర్ మాత్రం ఉండాలి. ఫోన్‌లో వీడియోలు చూడొచ్చు గానీ కోడ్ రాయడం రాదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మొదటి ఏడాదికి సరిపోతుంది.

3. మీ పాత పనికి దగ్గరగా ఉన్న దారి పట్టుకోండి

"ఏ కోర్సుకి డిమాండ్ ఉంది?" అని అడగడం మానేసి, "నా పనిలో కంప్యూటర్ ఎక్కడ ఉంది?" అని అడగండి.

అకౌంట్స్ వాళ్లు ఎక్సెల్ నుంచి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష), అక్కడి నుంచి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, డేటా అనలిస్ట్ పని వైపు సులువుగా వెళ్లగలరు. పెద్ద కంపెనీలు వాడే శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఫైనాన్స్ మాడ్యూల్ వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. మెడికల్ కోడింగ్, క్లెయిమ్స్ చేసినవాళ్లకు హెల్త్‌కేర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్, డేటా పనులు దగ్గర. కాల్ సెంటర్‌లో టెక్నికల్ సపోర్ట్ చేసినవాళ్లు అప్లికేషన్ సపోర్ట్‌లోకి రావచ్చు. రాత్రి షిఫ్టుల్లో సర్వర్ లాగ్‌లు (ఏం జరిగిందో సర్వర్ రాసుకునే రికార్డులు) చూసి, ఎస్‌క్యూఎల్ రాసి, సమస్య ఎక్కడుందో డెవలపర్‌కు చెప్పే పని అది. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. నా దృష్టిలో డిగ్రీ బలం లేనివాళ్లకు అంతకంటే మంచి గుమ్మం లేదు. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ నిజంగా ఎలా నడుస్తుందో, ఎక్కడ పగులుతుందో రోజూ చూస్తారు. ఏడాదిన్నర తర్వాత ఆ టీమ్‌లోనే కోడ్ సరిచేసే పని అడగొచ్చు. ఫ్యాక్టరీల్లో చేసిన మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు మెషీన్ల డేటా, పీఎల్‌సీలు (మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్లు) పరిచయమే కాబట్టి ఇండస్ట్రియల్ ఆటోమేషన్ వైపు చూడండి. టీచర్లకు ఎడ్‌టెక్ కంపెనీలు ఉన్నాయి. వివరించి చెప్పగల నేర్పు ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

మీరున్న కంపెనీలోనే ఐటీ విభాగం ఉంటే అన్నిటికంటే ముందు ఆ తలుపు తట్టండి. బీపీఓలు, బ్యాంకులు, హాస్పిటల్ గ్రూపులు లోపలివాళ్ల కోసం ఐజేపీలు (అంతర్గత ఉద్యోగ ప్రకటనలు) వేస్తుంటాయి. అక్కడ మీ గ్యాప్ ఎవరూ అడగరు. మీ పని తెలిసిన మేనేజర్ ఒక మాట చెబితే నడుస్తుంది.

కెరీర్ బ్రేక్ తీసుకున్న మహిళల కోసం కంపెనీలు నడిపే రిటర్న్‌షిప్ ప్రోగ్రాముల గురించి కూడా అడుగుతుంటారు. అవి ఎక్కువగా ఇంతకుముందు ఐటీలో పనిచేసినవాళ్ల కోసమే. వేరే రంగం నుంచి వచ్చేవాళ్లు వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

4. నేర్చుకునే క్రమం

ఒకే భాష, ఒకే కోర్సు. అది పూర్తయ్యాకే రెండోది. పైథాన్ వారం, జావా వారం, మధ్యలో వెబ్ పేజీల కోసం రియాక్ట్ అంటూ తిరిగేవాళ్లకు ఏడాది తర్వాత కూడా సొంతంగా ఇరవై లైన్లు రాయడం రాదు.

డేటా, ఆటోమేషన్ వైపు వెళ్లేవాళ్లు పైథాన్ పట్టుకోండి. హైదరాబాద్ సర్వీస్ కంపెనీల్లో బ్యాక్ఎండ్ (తెర వెనక సర్వర్‌లో నడిచే భాగం) డెవలపర్ కావాలనుకుంటే జావా, తర్వాత జావాతో వాడే స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్. వెబ్ పేజీలు కట్టడం ఇష్టమైతే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. ఏ దారైనా ఎస్‌క్యూఎల్ తప్పదు. మొదటి ఉద్యోగాన్ని తెచ్చిపెట్టే నైపుణ్యం ఒక్కటి చెప్పమంటే నేను ఎస్‌క్యూఎల్ అంటాను.

మంచి పాఠాలకు డబ్బు అక్కర్లేదు. హార్వర్డ్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు సీఎస్50 పూర్తిగా ఉచితం. స్క్రాచ్ అనే తేలిక భాషతో మొదలై సీ, పైథాన్, ఎస్‌క్యూఎల్ మీదుగా వెబ్ దాకా వెళ్తుంది. సీ భాష దగ్గర కష్టంగా ఉంటుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. ఆ రెండు మూడు వారాలు ఓపిక పడితే మెమరీ అంటే ఏమిటో జీవితాంతం గుర్తుండిపోతుంది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్‌లో పరీక్ష రాయాలి. వెబ్ వైపు వెళ్లేవాళ్లకు ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్ అనే ఉచిత సైట్లు ఉన్నాయి. ఇంగ్లిష్ పాఠం అందకపోతే అదే అంశాన్ని ముందు యూట్యూబ్‌లో తెలుగులో వినండి, తర్వాత ఇంగ్లిష్‌లో చదవండి. తెలుగులో అర్థం చేసుకోవడం ఏమాత్రం తక్కువ కాదు. కానీ ఎర్రర్ మెసేజ్‌లూ డాక్యుమెంటేషనూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. రోజుకొక పేజీ చదివే అలవాటు చేసుకుంటే మూడు నెలల్లో ఆ భయం పోతుంది.

కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లాలా వద్దా? ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదవలేనివాళ్లకు రోజూ క్లాసుకు వెళ్లే క్రమశిక్షణ మేలే చేస్తుంది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల మంచి ఫ్యాకల్టీ ఉన్నారు. డెమో క్లాసులకు ఎవరినైనా రానిస్తారు కాబట్టి మూడు నాలుగు చోట్ల కూర్చుని వినండి. టీచర్ బోర్డు మీద నోట్స్ రాయిస్తున్నారా, మీ చేత కోడ్ రాయిస్తున్నారా అన్నదే చూడాలి. ఫీజు కోర్సుకే కట్టండి. ప్లేస్‌మెంట్ పేరుతో అదనంగా అడిగితే లేచి వచ్చేయండి.

చాట్‌జీపీటీ లాంటివి పక్కన ఉండగా నేర్చుకోవడానికి ఒక నియమం పెట్టుకోండి. ముందు మీరే రాయాలి, అరగంట కుస్తీ పట్టాలి, అప్పుడు అడగాలి. అడిగేటప్పుడు కూడా కోడ్ రాసిమ్మని కాదు, "నా కోడ్‌లో తప్పు ఎందుకొస్తోంది, సూచన ఇవ్వు" అని అడగండి. ఉద్యోగంలో చేరాక ఆ టూల్స్ ఎలాగూ వాడతారు. అవి ఇచ్చిన కోడ్ తప్పో ఒప్పో చెప్పగలిగినందుకే మీకు జీతం ఇస్తారు.

5. మీ పనిలోంచే ఒక ప్రాజెక్ట్ కట్టండి

రెజ్యూమెలు చూసేవాళ్లకు టుడూ లిస్టులూ కాలిక్యులేటర్లూ వాతావరణం యాప్‌లూ చూసి చూసి విసుగొచ్చింది. మీరు మాత్రమే కట్టగలిగింది కట్టండి. అకౌంట్స్ నుంచి వచ్చే మనిషికి నేను సూచించే ప్రాజెక్ట్ ఒకటి పూర్తిగా చెబుతాను. మిగతావాళ్లు దీన్ని తమ పనికి మార్చుకోవచ్చు.

ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ అనే నివేదిక వస్తుంది. మన సప్లయర్లు చూపించిన బిల్లులు అందులో ఉంటాయి. 2022 జనవరి నుంచి అందులో కనబడని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకునే వీల్లేదు. అందుకని ఆఫీసుల్లో ట్యాలీ నుంచి తీసిన కొనుగోళ్ల రిజిస్టర్‌నూ 2బీ ఎక్సెల్‌నూ పక్కపక్కన పెట్టుకుని బిల్లు బిల్లూ టిక్కు పెడుతుంటారు. క్లయింట్లు ఎక్కువుంటే నెలలో మూడు నాలుగు రోజులు దీనికే పోతాయి.

ఇప్పుడు దీన్ని ప్రోగ్రామ్‌గా ఆలోచించండి. రెండు పట్టికలు. సప్లయర్ జీఎస్టీ నంబర్ (జీఎస్టీఐఎన్), బిల్లు నంబర్ కలిపి తాళంచెవిగా పెట్టుకుని రెండింటినీ జతపరచాలి. ఫలితం నాలుగు రకాలు: రెండింటిలోనూ సరిపోయినవి, మన పుస్తకాల్లోనే ఉన్నవి, 2బీలోనే ఉన్నవి, బిల్లు ఒకటే అయినా మొత్తం తేడా ఉన్నవి. పైథాన్‌లో పాండాస్ అనే లైబ్రరీతో ఔటర్ మెర్జ్ (రెండు పట్టికల్లోని అన్ని వరుసలనూ కలపడం) చేస్తే ఇది పది లైన్ల పని. కోర్సు చదివిన కుర్రాడు అక్కడితో ఆగిపోతాడు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుందని మీకు తెలుసు. సప్లయర్ "2023-24/045" అని వేస్తాడు, మన ఆఫీసులో అబ్బాయి "45" అని కొడతాడు. ఒకచోట గీత, ఒకచోట స్లాష్, ఇంకోచోట మధ్యలో ఖాళీ. "3-12" అనే బిల్లు నంబర్‌ను ఎక్సెల్ తేదీగా మార్చేస్తుంది. పొడవాటి నంబర్లు తెరిచేసరికి ఘాతాంక రూపంలోకి మారిపోయి ఉంటాయి. పైసల సవరణ వల్ల రూపాయి తేడా వస్తుంది. మార్చి 31 బిల్లు సప్లయర్ ఏప్రిల్‌లో చూపిస్తాడు. ఒకే బిల్లును మనవాళ్లు రెండుసార్లు ఎక్కించి ఉంటారు.

వీటిలో ఒక్కొక్కదాన్నీ ఎలా పట్టుకుంటారో కోడ్‌లో రాయండి. బిల్లు నంబర్ శుభ్రం చేయడానికి ఒక ఫంక్షన్. రూపాయి వరకూ తేడాను సరే అనడానికి ఒక పరిమితి. ఎక్సెల్ చదివేటప్పుడే నంబర్ల కాలమ్‌ను అక్షరాలుగా తీసుకోవడం. "45" అన్నది రెండు బిల్లులకు సరిపోతున్నప్పుడు తానే నిర్ణయించకుండా మనిషి చూడాల్సిన జాబితాలో పెట్టడం. ప్రతి నియమానికీ చిన్న టెస్ట్ రాయండి. చివర్లో సప్లయర్ వారీగా ఎంత క్రెడిట్ ఆగిపోయిందో చూపే ఎక్సెల్ షీట్ ఒకటి బయటికి రావాలి, ఎందుకంటే ఫోన్ చేసి సప్లయర్‌ను అడగాల్సింది దాన్ని బట్టే. అదే డేటాను డేటాబేస్‌లో పెట్టి ఇదే పనిని పట్టికలను కలిపే ఎస్‌క్యూఎల్ జాయిన్లతో కూడా చేయండి. ఒక్క సమస్యతో రెండు నైపుణ్యాలు వస్తాయి.

ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. క్లయింట్ల అసలు డేటాను, కోడ్ నలుగురికీ కనిపించేలా పెట్టే గిట్‌హబ్ సైట్‌లో పెట్టకండి, ఏఐ టూల్‌కు కూడా ఇవ్వకండి. పేర్లు, జీఎస్టీఐఎన్‌లు, మొత్తాలు అన్నీ కల్పించి నకిలీ ఫైల్ తయారు చేసుకోండి. ఆ ఫైల్ తయారు చేసే ప్రోగ్రామ్ కూడా మీ ప్రాజెక్ట్‌లో భాగమే. ఆఫీసు కంప్యూటర్‌లో ఆఫీసు టైమ్‌లో రాసిన కోడ్ ఆఫీసుదే అవుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇంట్లో, మీ ల్యాప్‌టాప్‌లో రాసుకోండి.

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ టూల్‌ను మొదటి రోజు నుంచే వాడండి. ప్రాజెక్ట్‌ను పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో సమస్య ఏమిటి, ఎలా నడపాలి, ఏది ఇంకా సరిగా పనిచేయదు అని మూడు పేరాల్లో రాయండి. పనిచేయనిదాన్ని దాచకుండా రాసినవాళ్లను చూస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నమ్మకం కలుగుతుంది.

హెల్త్‌కేర్ వాళ్లు క్లెయిమ్ తిరస్కరణ కారణాలను విడదీసే ప్రోగ్రామ్, స్కూల్ వాళ్లు టైమ్‌టేబుల్ వేసే ప్రోగ్రామ్, స్టోర్స్‌లో చేసినవాళ్లు సరుకు ఎప్పుడు ఆర్డర్ పెట్టాలో చెప్పే ప్రోగ్రామ్ కట్టొచ్చు. టైమ్‌టేబుల్ చూడటానికి చిన్నదే, కూర్చుంటే చాలా లోతైనది.

6. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ జోలికి వెళ్లకండి

ఈ మాట గట్టిగా చెప్పాలి. "రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఆఫర్ లెటర్, పేస్లిప్‌లు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఇస్తాం" అనే కన్సల్టెన్సీలు మన దగ్గర బహిరంగంగానే నడుస్తున్నాయి. మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇచ్చే ప్రాక్సీలు, లక్షలు తీసుకుని బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు కూడా ఉన్నారు. డబ్బు తీసుకుని బోర్డు తిప్పేసిన సంస్థల మీద హైదరాబాద్‌లో పోలీసు కేసులు మళ్లీ మళ్లీ నమోదవుతూనే ఉన్నాయి.

డబ్బు పోకపోయినా ప్రమాదం తప్పదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబర్) అడుగుతారు. పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సర్వీస్ హిస్టరీలో మీరు ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏ సంస్థలో ఉన్నారో ఉంటుంది. మీరు అకౌంటెంట్‌గా పీఎఫ్ కట్టించుకున్న అదే నెలల్లో డెవలపర్‌గా పనిచేశానని రెజ్యూమెలో ఉంటే ఒక్క నిమిషంలో బయటపడుతుంది. మీ జీతంలో పన్ను కోసింది ఏ సంస్థో చూపే ఆదాయపు పన్ను పత్రం అడిగే కంపెనీలూ ఉన్నాయి. చేరిన ఆరు నెలలకు పట్టుకున్నా తీసేస్తారు, ఇక ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోదు.

ఇంకో సంగతి ఉంది. రెండేళ్ల అనుభవం ఉందని చేరినవాడికి మొదటి వారమే రెండేళ్ల అనుభవం ఉన్నవాడి పని ఇస్తారు. రాదని చెప్పలేడు, ఎవరినీ అడగలేడు. రాత్రంతా బయటివాళ్లకు డబ్బిచ్చి పని చేయించుకుని, పగలు భయపడుతూ గడిపే మనుషులు నాకు తెలుసు. మీ అసలు అనుభవాన్ని అసలుగానే రాసుకోండి. "నాలుగేళ్లు అకౌంట్స్, అందులో చివరి ఏడాది సొంతంగా ఆటోమేషన్" అన్నది సిగ్గుపడాల్సిన వాక్యం కాదు. మీకున్న బలం అదే.

7. రెజ్యూమె, రిఫరల్, ఇంటర్వ్యూ

రెజ్యూమె ఒక్క పేజీ. పైన రెండు లైన్లలో మీరెవరో, తర్వాత ప్రాజెక్ట్, తర్వాత పాత ఉద్యోగం, చివర్లో చదువు. పాత ఉద్యోగం కింద "బాధ్యతలు" అని పేరాలు రాయకండి. ఏ పని చేతితో చేసేవారు, దాన్ని దేనితో ఆటోమేట్ చేశారు, ఎంత టైమ్ మిగిలింది అని రాయండి. చదువు సగంలో ఆగితే ఆగిందనీ, ఇప్పుడు చేస్తున్న కోర్సు ఏ ఏడాదిలో ఉందనీ రాయండి.

నౌక్రీ జాబ్ సైట్‌లో ప్రొఫైల్ పెట్టి తరచూ అప్‌డేట్ చేయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. మీలాంటివాళ్లకు తలుపు తెరిచేది తెలిసిన మనిషే. పాత సహోద్యోగులు, డిగ్రీ క్లాస్‌మేట్లు, ఇదివరకు మీరు బిల్లులు చూసిపెట్టిన క్లయింట్ల దగ్గర సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు, వీళ్లందరికీ చిన్న మెసేజ్ పంపండి. "ఏదైనా జాబ్ ఉంటే చెప్పన్నా" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఫలానా ఓపెనింగ్ లింక్ ఇదీ, నా ప్రాజెక్ట్ ఇదీ, రిఫర్ చేయగలరా అని అడిగితే చేస్తారు. మీకు తెలిసిన రంగానికి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీల జాబితా ఒకటి తయారు చేసుకుని, అక్కడ నేరుగా రాయండి. అకౌంటింగ్, పేరోల్, హాస్పిటల్, స్కూల్ సాఫ్ట్‌వేర్ చేసే 20–50 మంది కంపెనీలు హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడు చోట్లా ఉన్నాయి. యూజర్ బాధ తెలిసిన మనిషి వాళ్లకు నిజంగా కావాలి.

ఇంటర్వ్యూలో మొదటి రౌండ్ ప్రశ్నలు పాతవే తిరిగి తిరిగి వస్తాయి. ఎస్‌క్యూఎల్‌లో ఉద్యోగుల పట్టిక నుంచి రెండో అత్యధిక జీతం తీయడం, డూప్లికేట్ వరుసలు పట్టుకోవడం, లెఫ్ట్ జాయిన్‌కూ ఇన్నర్ జాయిన్‌కూ తేడా, ఒక పదంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం. జావా అయితే ఓఓపీ (ఆబ్జెక్టులతో ప్రోగ్రామ్ కట్టే పద్ధతి), కలెక్షన్స్ (జాబితాల్లాంటి వాటిలో డేటా ఉంచడం). వీటిని కాగితం మీద, ఏఐ లేకుండా రాసే దాకా సాధన చేయండి. సాధనకు కోడింగ్ ప్రశ్నలు ఇచ్చే సైట్ లీట్‌కోడ్‌లో సులభం వర్గంలోవి చేతికి అలవాటైతే చాలా కంపెనీల మొదటి రౌండ్ దాటొచ్చు.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లు ఒక పని చేయండి. మీ ప్రాజెక్ట్ గురించి మూడు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. వినండి, మళ్లీ మాట్లాడండి. గ్రామర్ పర్ఫెక్ట్‌గా ఉండాలని ఎవరూ అడగరు. సమస్య, మీరు చేసింది, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎలా దాటారు అన్న నాలుగు ముక్కలు తడబడకుండా వస్తే చాలు. తెలుగు మీడియంలో చదివి ఇలాగే నేర్చుకుని టీమ్ లీడ్‌లు అయినవాళ్లు హైటెక్ సిటీలో ఏ ఫ్లోర్‌కు వెళ్లినా కనిపిస్తారు.

"ఇప్పుడెందుకు మారుతున్నారు?" అని తప్పక అడుగుతారు. జీతం కోసమని చెప్పినా తప్పు లేదు, కానీ అది ఒక్కటే చెప్పకండి. మొదటిసారి మీ ప్రోగ్రామ్ మూడు రోజుల పనిని నిమిషంలో చేసినప్పుడు మీకేమనిపించిందో అది చెప్పండి.

8. ఆఫర్ వచ్చాక

సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) చూసి సంతోషపడే ముందు చేతికొచ్చే జీతం ఎంతో అడగండి. సర్వీస్ బాండ్ ఉందేమో, ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకుంటామంటే ఒప్పుకోకండి. ట్రైనింగ్ కోసమో ల్యాప్‌టాప్ కోసమో మీ దగ్గరే డిపాజిట్ అడిగితే అది ఉద్యోగం కాదు. నోటీస్ పీరియడ్ ఎంతో చూసుకోండి, ఐటీలో 90 రోజులు మామూలు. అది తర్వాతి మార్పుకు అడ్డం పడొచ్చు.

పాత చోట చెప్పాల్సిన టైమ్ చెప్పి, పని అప్పగించి, రిలీవింగ్ లెటర్ తీసుకునే రండి. పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్‌ కింద కొత్త కంపెనీకి మార్పించుకోండి. చేరాక మొదటి మూడు నెలలు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి, అడిగినవన్నీ రాసి పెట్టుకోండి. టీమ్‌లో 22 ఏళ్ల పిల్లలు మీకంటే వేగంగా కోడ్ రాస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకోండి. క్లయింట్ ఎందుకు విసుక్కుంటున్నాడో వాళ్లకు అర్థం కానప్పుడు మీరు చెప్పండి.